డోటానా, లీగా, యునైటా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎంపిక సలహా

"అన్నా, డోటా నేర్చుకోనా, లీగ్ నేర్చుకోనా?" అని అడిగితే ఎవరైనా తాము ఆడేదే చెబుతారు. వేల గంటలు పోసినవాడికి తన ఆటే గొప్పగా కనిపిస్తుంది, అది సహజం. కొత్తగా వచ్చేవాడికి మాత్రం ఆ జవాబు అక్కరకు రాదు. డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్, పోకెమాన్ యునైట్, ఈ మూడూ మంచి ఆన్‌లైన్ వీడియో గేమ్‌లే, మూడూ ఉచితమే. నెల తిరిగేసరికి మీరింకా ఆడుతుంటారా, విసుగొచ్చి తీసేస్తారా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి: పక్కన ఎవరున్నారు, ఎంతసేపు ఎవరూ పిలవకుండా కూర్చోగలరు, ఇంట్లో నెట్, కరెంటు ఎలా ఉన్నాయి.

అసలు ఇవేమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మీ జట్టులో అయిదుగురు, అవతల అయిదుగురు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో హీరో. కంప్యూటర్ నడిపే చిన్న సైనికులు లేన్ల (దారుల) వెంట వస్తుంటారు. వాళ్లను చంపితే గోల్డ్, ఆ గోల్డ్‌తో ఐటమ్స్, ఐటమ్స్‌తో బలం. టవర్లు ఒక్కొక్కటే పడగొట్టుకుంటూ వెళ్లి అవతలివాళ్ల ప్రధాన కట్టడాన్ని కూల్చిన జట్టు గెలుస్తుంది. వీటిని మోబా ఆటలంటారు. 2003లో వార్‌క్రాఫ్ట్ 3 అనే కంప్యూటర్ ఆట మీద అభిమానులు చేసిన ఒక మ్యాప్‌తో ఈ తరహా ఊపందుకుంది. మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో గది నుంచి గదికి లాన్ కేబుళ్లు లాగి ఆడిన పాత డోటా అదే. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2009లో, డోటా 2 2013లో, ఫోన్‌లో ఆడే పోకెమాన్ యునైట్ 2021లో వచ్చాయి.

## ముందు మీ సంగతి తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది తోడు. మీ స్నేహితుల్లో ఇద్దరు ఇప్పటికే ఏదో ఒకటి ఆడుతుంటే ఈ వ్యాసం మిగతా భాగం చదవకపోయినా నష్టం లేదు, అదే మొదలుపెట్టండి. ఒంటరిగా నేర్చుకునేవాడికి ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడామో తెలియదు. పక్కన ఒక్కడుంటే "నువ్వు పైన కనిపించావు కాబట్టే వాళ్లు కింద టవర్ కొట్టారు" అని చెబుతాడు. ఆ ఒక్క మాట పది వీడియోలతో సమానం.

రెండోది టైమ్. మొత్తంగా వారానికి ఎన్ని గంటలన్నది అంత ముఖ్యం కాదు, ఏకబిగిన ఎన్ని నిమిషాలన్నదే లెక్క. రోజుకు రెండు గంటలున్నా మధ్యమధ్యలో లేవాల్సి వస్తే గంటసేపు సాగే మ్యాచ్‌లు మీకు పడవు. ఈ ఆటల్లో మధ్యలో లేచిపోతే మిగతా నలుగురూ నష్టపోతారు, మీ అకౌంట్‌కు శిక్ష పడుతుంది. డోటాలో వరుసగా 5 నిమిషాలు డిస్‌కనెక్ట్ అయితే మ్యాచ్ వదిలేసినట్టే లెక్క. అది అలవాటైతే మీలాంటి వాళ్లతోనే ఆడే లో ప్రయారిటీ క్యూలో పడేస్తారు.

మూడోది నెట్, కరెంటు. స్పీడ్ ఎంతన్నది పెద్ద విషయం కాదు, పింగ్ (మీరు నొక్కింది సర్వర్‌కు చేరి జవాబు రావడానికి పట్టే సమయం) నిలకడగా ఉండాలి. పింగ్ ఎప్పుడూ 80 మిల్లీసెకన్లుంటే చెయ్యి దానికి అలవాటుపడుతుంది. 40 నుంచి 200కి ఎగిరి మళ్లీ పడుతుంటే మాత్రం ఎంత ఆడినా చెయ్యి కుదరదు. వీలైతే వైఫై మానేసి రౌటర్ నుంచి కేబుల్ లాగండి. కరెంటు పోయే ఊళ్లో ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది సరే, రౌటర్ సంగతేమిటి? దాన్ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టకపోతే ఎండాకాలమంతా లో ప్రయారిటీలోనే గడుస్తుంది.

కష్టం ఎంత అన్నదాన్ని కావాలనే చివర పెట్టాను. అందరూ అదే ముందడుగుతారు గానీ, పై మూడూ కుదిరితే కష్టమైన ఆట కూడా వస్తుంది. కుదరకపోతే తేలికైనదీ రాదు.

| చూడాల్సింది | డోటా 2 | లీగ్ ఆఫ్ లెజెండ్స్ | పోకెమాన్ యునైట్ |
|---|---|---|---|
| దేని మీద ఆడాలి | విండోస్, మ్యాక్, లైనక్స్ | విండోస్, మ్యాక్ | ఆండ్రాయిడ్, ఐఫోన్, నింటెండో స్విచ్ |
| ఒక మ్యాచ్ | ఎక్కువగా 35–45 నిమిషాలు, గంట దాటొచ్చు | ఎక్కువగా 25–35 నిమిషాలు | 10 నిమిషాలు |
| పాత్రలు | 120కి పైగా, ఏదీ కొనక్కర్లేదు | 160కి పైగా, ఆడుతూ తెరుచుకోవాలి | ఆడి సంపాదించిన కాయిన్లతో కొనుక్కోవాలి |
| మధ్యలో ఆపడం | పాజ్ ఉంది | మామూలు మ్యాచ్‌లో లేదు | లేదు |
| ఓటమి ఒప్పుకోవడం | దాదాపు కుదరదు | 15 నిమిషాల తర్వాత ఓటు వేయొచ్చు | ఓటు ఉంది, ఎలాగూ పదే నిమిషాలు |
| ర్యాంక్ ఆటకు అర్హత | 100 గంటల ఆట, ఫోన్ నంబర్ | లెవెల్ 30, 20 ఛాంపియన్లు (లీగ్‌లో హీరోల పేరు) | కొద్ది రోజుల్లోనే |

## డోటా 2

ఈ మూడింట్లో అత్యంత కష్టమైనది ఇదే. ఆ కష్టం ఎక్కడుందో తెలిస్తే మీకు సరిపడుతుందో లేదో మీకే అర్థమవుతుంది.

మొదటి అయిదు నిమిషాలే తీసుకోండి. లేన్‌లో మీ క్రీపులు (ఆ చిన్న సైనికులే), వాళ్ల క్రీపులు కొట్టుకుంటుంటాయి. చివరి దెబ్బ మీదైతేనే గోల్డ్ మీకొస్తుంది, దీన్నే లాస్ట్ హిట్ అంటారు. ఇంతవరకు లీగ్‌లోనూ అంతే. డోటాలో ఇంకో మెలిక ఉంది. మీ సొంత క్రీప్ ప్రాణం సగానికి దిగాక దాన్ని మీరే చంపేయొచ్చు. అప్పుడు అవతలివాడికి దాని గోల్డ్ దక్కదు, అనుభవం పాయింట్లూ తగ్గుతాయి. దీన్ని డినై అంటారు. అంటే ప్రతి కొన్ని సెకన్లకూ ఎటువైపు క్రీప్ కొట్టాలి, అవతలివాడు దేనికి చెయ్యెత్తుతున్నాడు, ఆ దెబ్బకు ముందుకెళ్తే తిరిగి రాగలనా అని లెక్క వేస్తూనే ఉండాలి. పైగా ప్రతి హీరోకూ వెనక్కి తిరగడానికి కాస్త సమయం పడుతుంది. ఎత్తులో ఉన్నవాడిని కింద నుంచి కొడితే కొన్ని దెబ్బలు తప్పిపోతాయి. చదరంగంలో గుర్రం ఎలా నడుస్తుందో ఒక్కసారి నేర్చుకుంటే చాలు, ఇక్కడ 120 రకాల గుర్రాలున్నాయి.

ఆట ముదిరాక లెక్కలు మారతాయి. 38వ నిమిషం అనుకోండి. మీ క్యారీ (గోల్డ్ పోగేసి చివర్లో జట్టును గెలిపించాల్సిన హీరో) చేతిలో కావలసినంత గోల్డ్ ఉంది, కొత్త ఐటమ్ కొన్నాడు. మరుసటి నిమిషమే రోషాన్ అనే పెద్ద రాక్షసుడి గుహ దగ్గర చనిపోయాడు. డోటాలో గోల్డ్ కట్టి వెంటనే తిరిగి బతకొచ్చు, దాన్ని బైబ్యాక్ అంటారు. కానీ గోల్డంతా ఐటమ్‌కి పోయింది. అవతలివాళ్లు రోషాన్‌ని చంపి, ఒకసారి చచ్చినా లేచి నిలబడే ఏజిస్ తీసుకుని మిడ్ (మధ్య) లేన్ గుండా నేరుగా లోపలికొస్తారు. ఆ ఐటమ్ ఎంత మంచిదైనా అప్పుడు కొనకూడదు. ఇలాంటి విషయాలు ట్యుటోరియల్‌లో దొరకవు, ఓడిపోయే వస్తాయి. అది మీకు సరదాగా అనిపిస్తే డోటా మీ ఆట. చిరాకనిపిస్తే కాదు.

మన దగ్గర డోటాకున్న లాభాలు ఆట లోపల కన్నా బయటే ఎక్కువ. ఇండియా సర్వర్ ఉంది. అందులో మ్యాచ్ త్వరగా దొరక్కపోతే సింగపూర్ గానీ దుబాయ్ గానీ కలిపి వెతకొచ్చు. అకౌంట్ ప్రపంచమంతటికీ ఒక్కటే కాబట్టి దుబాయ్‌లో ఉన్న బావా హైదరాబాద్‌లో ఉన్న మీరూ ఒకే పార్టీలో (కలిసి చేరే గుంపులో) ఆడొచ్చు. ఇంట్లో ఎవరైనా తలుపు కొడితే ఎఫ్9 నొక్కి ఆట ఆపొచ్చు. అవతలివాళ్లు కాసేపటికి మళ్లీ మొదలుపెట్టేస్తారు లెండి, అయినా పాలవాడికి డబ్బులిచ్చి వచ్చేంత టైమ్ సాధారణంగా దొరుకుతుంది. దీన్ని చిన్న విషయమనుకోకండి, కుటుంబంతో ఉంటూ ఆడేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

నష్టాలూ ఉన్నాయి. హార్డ్‌డిస్క్‌లో సుమారు 60 జీబీ కావాలి. మీరంతా ఒకే పార్టీగా వచ్చిన అయిదుగురైతే తప్ప, ఆట చేజారిందని తెలిసినా చివరిదాకా కూర్చోవాలి. ఆ బాధ పడలేకపోతే టర్బో మోడ్ ఉంది: గోల్డ్, లెవెల్స్ వేగంగా వస్తాయి, టవర్లు త్వరగా పడతాయి, మ్యాచ్ దాదాపు సగం సమయంలో తేలిపోతుంది. హీరోలు పరిచయం కావడానికి టర్బో మంచిదే. అందులో నేర్చుకున్న టైమింగ్స్ మాత్రం అసలు ఆటలో చెల్లవు.

## లీగ్ ఆఫ్ లెజెండ్స్

లీగ్ తేలిక అని డోటావాళ్లు ఎగతాళి చేస్తుంటారు. మొదటి వారం తేలికే, ఆ తర్వాత కష్టం మరో వైపు నుంచి వస్తుంది. డినై లేదు, చనిపోతే చేతిలో గోల్డ్ పోదు, హీరో తిరగడానికి ఆలస్యం లేదు. అందుకే చేతివేగం, ఎదుటివాడి స్కిల్‌షాట్ (గురి చూసి విసిరే దెబ్బ) నుంచి తప్పుకోవడం ఇక్కడ ముఖ్యం. వచ్చే బాణం నుంచి పక్కకు జరగడం, ఆ జరుగుబాటును ఊహించి ముందే వెయ్యడం, లేన్ అంతా ఈ ఆటే.

రెండు ఆటల తేడా కనబడేది ఐటమ్స్ కొనేటప్పుడు. డోటాలో కొన్నవాటిని కొరియర్ మీ దగ్గరికి మోసుకొస్తుంది, మీరు లేన్‌లోనే ఉండొచ్చు. లీగ్‌లో కొనాలంటే బేస్‌కి వెళ్లాల్సిందే. బీ నొక్కి 8 సెకన్లు కదలకుండా నిలబడాలి, మధ్యలో దెబ్బ తగిలితే మళ్లీ మొదటి నుంచి. ఎప్పుడు వెనక్కెళ్లాలి, వెళ్లేముందు మినియన్లను (లీగ్‌లో ఆ చిన్న సైనికుల పేరు) అవతలి టవర్ కిందకు తోసి వెళ్లాలా వద్దా అన్నదే కొత్తవాళ్లకూ మధ్యస్థంగా ఆడేవాళ్లకూ ఉన్న మొదటి గోడ. ఇది బాగా తెలిసినవాడు ఒక్క హత్య చేయకపోయినా లేన్ గెలుస్తాడు.

నేర్చుకునేవాడికి లీగ్‌లో ఇంకో సౌకర్యం, పాత్రలు స్పష్టంగా విడిపోయి ఉంటాయి: టాప్ (పై లేన్), జంగిల్ (లేన్ల మధ్య అడవి), మిడ్ (మధ్య లేన్), బాట్ (కింది లేన్), సపోర్ట్ (తోటివాళ్లకు అండగా ఉండేవాడు). రెండు ఎంచుకుని క్యూలో చేరితే ఎక్కువసార్లు వాటిలో ఒకటి వస్తుంది. "మిడ్ నాకు కావాలి, మిడ్ ఇవ్వు భాయ్" అనే గొడవ తక్కువ.

మనవాళ్లకు చిక్కు సర్వర్ దగ్గర వస్తుంది. ఇక్కడివాళ్లు చాలాకాలంగా సింగపూర్ వైపు సర్వర్‌లోనే ఆడుతున్నారు. అకౌంట్ ఒక ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. అందుకే డాలస్‌లో ఉన్న కజిన్ తన అమెరికా అకౌంట్‌తో మీ పార్టీలోకి రాలేడు, ఎవరో ఒకరు అకౌంట్ ప్రాంతం మార్చుకోవాలి, లేదా మరో ప్రాంతంలో కొత్త అకౌంట్ తెరిచి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అకౌంట్ తెరిచేటప్పుడే ఈ సంగతి మాట్లాడుకోండి. ఇంకొకటి, 2024 నుంచి వాన్‌గార్డ్ అనే యాంటీచీట్ (మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్) తప్పనిసరి అయింది. విండోస్ 11 ఉన్న యంత్రంలో టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా చిప్) ఆన్‌లో ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఆడదామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, ఆగడమే మంచిది కూడా.

చూసి నేర్చుకునే అలవాటున్నవాళ్లకు లీగ్ బాగా పనికొస్తుంది. కొరియా ఆటగాడు ఫేకర్ 2013లో మొదటిసారి ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2024లోనూ గెలిచాడు. ఒకే మనిషి ఒకే స్థానంలో ఇన్నేళ్లు ఆడిన మ్యాచ్‌లు దొరకడం వేరే ఆటల్లో అరుదు.

## పోకెమాన్ యునైట్, ఫోన్ సంగతి

ఫోనే ఉన్నవాళ్లకు, పది నిమిషాలే దొరికేవాళ్లకు ఇది. మూడు లేన్లకు బదులు రెండు. టవర్లు లేవు, గోల్ జోన్లున్నాయి. అడవి పోకెమాన్లను కొట్టి పోగుచేసిన ఎనర్జీని అవతలివాళ్ల గోల్‌లో వేయాలి. చివరి 2 నిమిషాల్లో పాయింట్లు రెట్టింపు. ఎనిమిది నిమిషాలు వెనకబడ్డ జట్టు ఆ రెండు నిమిషాల్లో గెలిచేయొచ్చు. బాగా ఆడుతున్నవాడికి అది ఒళ్లు మండే విషయమే, కొత్తవాడికి మాత్రం ఆశ. ఐటమ్స్ మ్యాచ్ మధ్యలో కొనక్కర్లేదు, ముందే పెట్టుకుని వెళ్తారు. డబ్బు పెట్టినవాళ్లు ఈ ఐటమ్స్‌ని త్వరగా పెంచుకుంటున్నారని విడుదలైన కొత్తలో గట్టి విమర్శలొచ్చాయి.

లోతు తక్కువ, నిజమే. కానీ మ్యాప్ చూడటం, పెద్ద పోకెమాన్ పుట్టే టైమ్‌కి అక్కడ ఉండటం, ఒంటరిగా దూకకపోవడం లాంటి అసలు అలవాట్లు ఇక్కడే ఒంటబడతాయి.

"మొబైల్ లెజెండ్స్ ఏమైంది?" అంటారా? 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. గల్ఫ్‌లో, మలేషియాలో, సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్లకు అదే మంచి ఎంపిక, అక్కడ ఆడేవాళ్లకు కొదవ లేదు. ఇక్కడ ఎక్కడెక్కడి నుంచో ఏపీకే ఫైల్ దింపుకుని వీపీఎన్ పెట్టి ఆడే శ్రమ అనవసరం. పింగ్ ఎలాగూ పాడవుతుంది, అకౌంట్ ఏ రోజు పోతుందోనన్న టెన్షన్ వేరే.

## ఏ హీరోతో, ఎవరి దగ్గర నేర్చుకోవాలి

ఆట ఎంచుకున్నాక వచ్చే రెండో ఎంపిక పాత్రది. కొత్తవాడిని సపోర్ట్‌లోకి తోసేయడం మనవాళ్ల ఆనవాయితీ: "వార్డులు పెట్టు, వెనకుండు, చాలు." డోటాలో ఇది సగమే మంచి సలహా. సపోర్ట్‌కు గోల్డ్ ఒత్తిడి ఉండదు నిజమే, కానీ వార్డ్ (చుట్టుపక్కల ఎవరొస్తున్నారో చూపించే వస్తువు) ఎక్కడ పెట్టాలో తెలియాలంటే అవతలివాళ్లు ఎటు నుంచి వస్తారో తెలియాలి, అది కొత్తవాడికి తెలియదు. సపోర్ట్ ఆడితే ఓగ్రి మేజై, లిచ్ లాంటి హీరోలను తీసుకోండి. ఓగ్రికి ఒళ్లు గట్టి, పొరపాటు చేసినా బతికి బయటపడతాడు. లాస్ట్ హిట్లు నేర్చుకోవాలనుంటే రెయిత్ కింగ్. చచ్చినా ఒకసారి లేస్తాడు, నొక్కాల్సిన బటన్లు తక్కువ. మిడ్ జోలికి మొదటి రెండు నెలలు వెళ్లకండి.

లీగ్‌లో నా ఓటు టాప్ లేన్‌కి, గారెన్‌కి. మానా (శక్తులు వాడితే ఖర్చయ్యే నిల్వ) అవసరం లేదు, కాసేపు దెబ్బలు తగలకుండా పక్కకు జరిగితే ప్రాణం దానంతటదే పెరుగుతుంది. ఒక్కడితో ఒక్కడే కాబట్టి ఎందుకు చనిపోయానన్నది స్పష్టంగా కనిపిస్తుంది. బాట్ లేన్ అయితే యాష్ లేదా మిస్ ఫార్చూన్. జంగిల్ మాత్రం ఆగండి, అక్కడ తప్పు చేస్తే నలుగురూ మీ మీదే పడతారు. యునైట్‌లో స్నోర్లాక్స్‌తో మొదలుపెడితే ముందు నిలబడి దెబ్బలు తినడం నేర్పిస్తుంది.

ఏ ఆటైనా ముగ్గురు హీరోలు చాలు. రోజుకో కొత్త హీరో మారిస్తే మ్యాప్ చూడటానికి బుర్రలో చోటు మిగలదు.

ఇక నేర్చుకునే దారులు. బాట్ మ్యాచ్‌లు (కంప్యూటర్ నడిపే హీరోలతో ఆడేవి) బటన్లు అలవాటయ్యేవరకే. బాట్ మిమ్మల్ని ఊహించదు, మోసం చెయ్యదు కాబట్టి వాటితో ఎక్కువకాలం ఉంటే చెడు అలవాట్లు పడతాయి. యూట్యూబ్ వీడియోల్లో "ఈ బిల్డ్‌తో (ఐటమ్స్ వరుసతో) ర్యాంక్ ఖాయం" అనేవి పక్కన పెట్టండి. కొత్త ప్యాచ్ (ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్) రాగానే అవి పాతబడతాయి. డోటాలో ఆట లోపలే గైడ్ పెట్టుకుంటే ఏ ఐటమ్ తర్వాత ఏది కొనాలో షాపులోనే వరుసగా చూపిస్తుంది, మొదట్లో అది చాలు. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది, ఎక్కువ మంది చెయ్యనిది ఒకటుంది: ఓడిన మ్యాచ్ రీప్లే తెరిచి మీ చావులు మాత్రమే చూడటం. ప్రతి చావుకూ 20 సెకన్ల ముందు ఆపి మినీమ్యాప్ చూడండి. అవతలి అయిదుగురిలో ముగ్గురు కనబడకపోతే, మీరు ముందుకెళ్తుంటే, కారణం అక్కడే ఉంది.

తిట్లు మూడింట్లోనూ ఉంటాయి, పీసీ ఆటల్లో ఎక్కువ. మైక్‌లో మొదటి బూతు వినగానే మ్యూట్ చెయ్యండి. జవాబివ్వడానికి ఆగిన సెకన్లలోనే లేన్ పోతుంది. మ్యాప్ మీద గుర్తు చూపే పింగ్ బటన్లతో (ఇది నెట్ పింగ్ కాదు) చెప్పాల్సినదంతా చెప్పొచ్చు.

## ఎవరికి ఏది

హాస్టల్‌లో నలుగురైదుగురు ఉండి, అందరికీ ఓ మోస్తరు ల్యాప్‌టాప్‌లు ఉంటే డోటా. అయిదుగురు ఒకే గదిలో అరుచుకుంటూ ఆడటానికి దాన్ని మించింది లేదు. ఒకరి ల్యాప్‌టాప్ బాగా పాతదైతే లీగ్ కాస్త తేలిగ్గా నడుస్తుంది.

ఉద్యోగం చేస్తూ, పిల్లలు పడుకున్నాక గంట దొరికేవాళ్లు లీగ్ చూడండి. ఒక మ్యాచ్ పూర్తిగా పడుతుంది. పిల్లలు మధ్యలో లేచే వయసైతే పాజ్ కోసం డోటా టర్బో, లేదంటే ఫోన్‌లో యునైట్.

ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హడావిడిలో ఉన్నవాళ్లకు యునైట్ తప్ప ఏదీ చెప్పను, అదీ రోజుకు రెండు మ్యాచ్‌లే. ర్యాంక్ పోయిందన్న కోపంలో "ఇంకొక్కటి" అని కూర్చునే గుణం మీలో ఉంటే అది కూడా పరీక్షల తర్వాతే.

పోటీల దాకా వెళ్లాలన్న ఆశ ఉన్నవాళ్లకు డోటాలో ముందు నడిచినవాళ్లున్నారు. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్‌వెల్త్ ఈస్పోర్ట్స్ పోటీల్లో భారత డోటా 2 జట్టు కాంస్యం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో డోటా 2, లీగ్ రెండూ పతకం ఉన్న అంశాలే. ఇంట్లో "ఆన్‌లైన్ గేమ్స్ బ్యాన్ చేశారు కదా" అని అడిగితే ఒక తేడా చెప్పండి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఉన్న నిషేధం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. 2025లో వచ్చిన కేంద్ర చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధిస్తూ, ఈస్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఈ మూడు ఆటల్లోనూ పందెం లేదు. స్కిన్లు (హీరోల వేషాలు) కొనే పేజీలో అమ్మానాన్నల కార్డు నంబర్ సేవ్ చెయ్యకుండా ఉంటే ఇంట్లో గొడవలూ తక్కువే.

ఒకటి మొదలుపెట్టి తర్వాత మారదామనుకున్నా ఇబ్బంది లేదు. లాస్ట్ హిట్లు, మ్యాప్ చూసే అలవాటు, ఎప్పుడు వెనక్కి తగ్గాలన్న తెలివి మీతోనే వస్తాయి. లీగ్ నుంచి డోటాకొచ్చేవాళ్లు ఓ వారం హీరో నెమ్మదిగా తిరుగుతున్నాడని తిట్టుకుంటారు. డోటా నుంచి లీగ్‌కెళ్లేవాళ్లు కొరియర్ కోసం వెతుక్కుంటారు. యునైట్ నుంచి పీసీకి వచ్చేవాళ్లకు మాత్రం మౌస్‌తో నడవడం, కెమెరా జరపడం అలవాటయ్యేసరికే చాలా మ్యాచ్‌లు పోతాయి. వాళ్లు ఆ కొద్ది రోజులూ బాట్‌లతోనే ఆడటం మేలు.